పరగడుపు గోలి

ముప్పై ఆరేళ్ళు ఏఎన్ఎంగా పనిచేశాను. ధరూర్ మండలంలో నా చేతుల మీదుగా తొమ్మిది వందల పదిహేడు మంది పిల్లలు పుట్టారు. ఆ అంకె ఎవరూ అడగకపోయినా చెప్తాను. నాకు గర్వం ఎక్కువని గద్వాలలో మా వీధి మొత్తానికి తెలుసు, నాకూ తెలుసు. జమ్ములమ్మ సిస్టర్ నాడి పట్టిందంటే గడియారమన్నా తప్పుతుందేమో గానీ ఆమె లెక్క తప్పదని డాక్టర్లే అనేవాళ్ళు.

అంత చేసినదాన్ని, బిడ్డ పుట్టుకలో చివరి భాగమే చూశానని, మొదలు ఎట్లా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదని అరవై మూడో ఏట గానీ తెలుసుకోలేదు. చూపించింది మా పక్కింటి సమీనా.

సమీనాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఇంట్లో మిషన్ పెట్టుకుని గద్వాల చీరలకు ఫాల్ కుడుతుంది. భర్త అబ్రార్ బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. అత్త షాహెదా నా ఈడుది. పెళ్ళయి పదమూడేళ్ళయినా పిల్లలు లేక, మూడేళ్ళ కింద కర్నూలులో ఒక దవాఖానలో ఐవీఎఫ్ మొదలుపెట్టారు. ఆమె అండాలను బయటికి తీసి, గాజు గిన్నెలో పిండాలు తయారుచేసి, తిరిగి కడుపులో పెట్టే పద్ధతి. అయిదు పిండాలు తయారయ్యాయి. రెండు ఒకసారి పెట్టారు, రెండు ఇంకోసారి పెట్టారు. నాలుగూ నిలవలేదు. మిగిలిన ఒక్కదాన్ని గడ్డకట్టించి దాచారు. ఇక కొత్తగా అండాలు దొరికే ఆశ లేదని డాక్టరమ్మ చెప్పేసింది. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్కటే.

జనవరిలో ఒక పొద్దున సమీనా మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"సిస్టరమ్మా, ఈసారి సూదులు, గోలీలు అన్నీ మీ చేతుల మీదనే కావాలె. నాకు యాదికుంటలేదు. దిల్ గాబరైతుంది" అంది.

"నేను కాన్పులు చేసిన, బిడ్డా. ఈ గాజుగిన్నెల పిల్లల ముచ్చట నాకు తెల్వదు" అన్నాను. కొంచెం ఎకసెక్కంగానే అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు, కదలనూ లేదు. "ఇది ఆఖరుది" అంది. నేను చెప్పులు వేసుకుని ఆమె వెంట పోయి మందుల సంచి తెరిచి చూశాను.

ఆ వారమే నన్ను కూడా కర్నూలుకు తీసుకుపోయారు. కారులో అబ్రార్ జేబులోంచి ఒక కాగితం తీసి నాకు చూపించాడు. ఐవీఎఫ్ నిలబడాలంటే అదనంగా ఏమేం చేయించుకోవాలో ఫోన్లో వీడియోలు చూసి రాసుకున్నాడట. రెండు వైపులా నిండింది.

"మోటారుకు ఒక్క చుట్టు తక్కువైనా తిరగదమ్మా. పోయిన రెండుసార్లు మనం ఏదో ఒకటి ఇడిసిపెట్టినం. ఈసారి ఏదీ ఇడవొద్దు" అన్నాడు. అతని పని అతనికి నేర్పిన బుద్ధి అది. నాకూ తప్పనిపించలేదు.

దవాఖానలో డాక్టర్ ఉమ ఆ కాగితాన్ని నవ్వకుండా చదివింది. అందుకే నాకు ఆమె మీద గౌరవం పుట్టింది. తర్వాత పెన్ను తీసుకుని ఒక్కోదాని మీద వేలు పెడుతూ చెప్పింది.

"గర్భసంచి పొరను గీకించడం. సొంత రక్తంలోంచి ప్లాస్మా తీసి లోపలికి ఎక్కించడం. సెలైన్‌లో నూనె మందు. చేయించుకున్నవాళ్ళకు ఎక్కువగా నిలబడుతోందని గట్టిగా చెప్పే రుజువు నాకు దొరకలేదు. మీకు ఇవి రాయను. ఇది అండాలకు బలమిచ్చే గోలి. అండం ఎప్పుడో పిండమైపోయింది కదా, ఇప్పుడు దేనికి? ఈ హకీం చూర్ణంలో ఏముందో నాకు తెలియదు, కాబట్టి వద్దు. ఆక్యుపంక్చర్‌తో మనసు కుదుటపడుతుందంటే చేయించుకోండి. దానితో బిడ్డ నిలుస్తుందని మాత్రం చెప్పలేను."

చూర్ణం తెప్పించిన షాహెదా కొంగు సర్దుకుంది. అబ్రార్ మొహం చిన్నబోయింది.

"మరి ఏం చెయ్యాలె మేడం?"

"సమీనాకు థైరాయిడ్ సరిగా లేదు. రోజూ పరగడుపున ఒక చిన్న గోలి. ఫోలిక్ యాసిడ్, ఐరన్, కాల్షియం. సమయం వచ్చినప్పుడు గర్భం నిలవడానికి ప్రొజెస్టిరాన్ సూదులు. అంతే."

అంతేనా అన్నట్టు అతను నా వైపు చూశాడు. నిజం చెప్పాలంటే నాకూ అట్లాగే అనిపించింది. అంత పెద్ద దవాఖాన, అన్ని యంత్రాలు పెట్టుకుని, నేను ఊళ్ళలో సంచిలో వేసుకుని తిరిగిన గోలీలే రాసిచ్చింది.

అప్పుడు డాక్టరమ్మ కంప్యూటర్ మా వైపు తిప్పింది. "ఇదిగోండి, మీది" అంది.

తెర మీద ఒక గుండ్రటి బొమ్మ. అంచు చుట్టూ సన్నటి పొర, లోపల అంతా తేటగా, ఒక పక్కకు చిన్న గుత్తి. అయిదో రోజున, గడ్డకట్టించే ముందు తీసిన ఫోటో అట. ఎంత ఉంటుందని అడిగాను. ఆవగింజలో పదో వంతు కూడా ఉండదంది.

"ఈ గుత్తి బిడ్డ అవుతుంది. చుట్టూ ఉన్న ఈ పొర మాయ అవుతుంది."

నేను కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి పోయాను. కాన్పయిన ప్రతిసారీ మాయను రెండు అరచేతుల్లో పరిచి, ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందేమోనని చూడటం నా పని. తొమ్మిది వందల పదిహేడు మాయలు చూశాను. అది బిడ్డతో పాటు ఎప్పుడో మధ్యలో పెరుగుతుందనుకునేదాన్ని. అయిదు రోజుల వయసులోనే, కంటికి ఆననంత చిన్నదానిలోనే, ఎవరు బిడ్డో ఎవరు ఆ బిడ్డకు కూడు పెట్టేదో పంపకం అయిపోయి ఉంది. ఇన్నేళ్ళు ఈ ఇంటి వాకిట్లో నిలబడి, లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూడలేదే అనిపించింది.

బయల్దేరేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. మందులు వేసుకునే తీరులో ఏ మార్పు చేసినా తనకు ఫోన్ చేయమంది. మీరైనా ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మార్చిలో రంజాన్ నెల వచ్చింది. పండగయ్యాక ఏప్రిల్‌లో పిండం పెడతామన్నారు. సమీనా రోజా ఉపవాసాలు ఉంటానంది. వద్దని ఎవరం అనలేకపోయాం. డాక్టరమ్మను అడుగుదామా అని మాత్రం ఆమె అడిగింది.

"రెండు గోలీలు అటిటు సర్దనీకి డాక్టరమ్మ దేనికి బిడ్డా? ఇది నేను చెయ్యని పనా?" అన్నాను.

పాత పేపరు ముక్కల్లో గోలీలు కట్టి, పొద్దుటి పొట్లం మీద సూర్యుణ్ణి, రాత్రి పొట్లం మీద చంద్రుణ్ణి గీసి ఇవ్వడం నా అలవాటు. చదువురాని తల్లుల కోసం మొదలుపెట్టింది. సమీనా ఇంటర్ చదివింది, ఆమెకు బొమ్మలు అక్కర్లేదు. అయినా నా చేయి ఊరుకోదు. రంజాన్‌లో సూర్యుడున్నంతసేపు నోట్లో ఏమీ పడకూడదు కాబట్టి పొట్లాలన్నీ కొత్తగా సర్దాను. సాయంత్రం ఇఫ్తార్ పొట్లంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్. తెల్లవారుజాము సహరి పొట్లంలో థైరాయిడ్ గోలి, కాల్షియం. థైరాయిడ్ గోలి పరగడుపున వెయ్యాలి. తెల్లారకముందే లేచి సహరికి కూర్చునే మనిషిది పరగడుపే కదా. ఇదీ నా లెక్క. కట్టిన పొట్లాలను చూసుకుని మురిసిపోయాను కూడా.

సమీనా ఒక్కరోజు తప్పలేదు. సహరికి లేవగానే పొట్లం విప్పేది, రెండు గోలీలూ వేసుకునేది, అజాన్ వినిపించేలోగా ఖిచిడీ తిని గ్లాసెడు పాలు తాగేది. ఖాళీ పేపరు ముక్కలన్నీ మిషన్ డ్రాయర్లో దాచి, పండగ రోజు షీర్ ఖుర్మాతో పాటు తెచ్చి చూపించింది. ప్రతి దాని మీదా నా చంద్రుడు ఉన్నాడు.

ఏప్రిల్‌లో రక్త పరీక్ష చేశారు. తగ్గాల్సిన థైరాయిడ్ అంకె రెట్టింపు అయింది.

"గోలి మానేశారా?" డాక్టర్ ఉమ అడిగింది.

"లేదు మేడం. ఒక్కనాడు ఇడవలే" అంది సమీనా.

"ఎట్లా వేసుకున్నారో చెప్పండి."

సమీనా చెప్పసాగింది. సహరి, పొట్లం, ఖిచిడీ, పాలు. వింటుంటే నాకే అర్థమైపోయింది. ఐరన్‌ను, కాల్షియంను కలిపి మింగొద్దని ఊరూరా తిరిగి చెప్పినదాన్ని నేను. ఒకటి ఇంకోదాన్ని ఒంటికి పట్టనివ్వదని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ చిన్న తెల్ల గోలి గురించి ఒక్కసారి ఆలోచించలేదు.

"నేను చెప్పిన గదా" అన్నాడు అబ్రార్. "ఆ ప్లాస్మా చేపిచ్చుంటే, ఆ గీకుడు చేపిచ్చుంటే..."

"అది కాదు బిడ్డా" అన్నాను. "పొట్లాలు కట్టింది నేను. ఫోన్ చెయ్యొద్దన్నది నేను. కాల్షియంతోని, పాలతోని కలిపి ఇచ్చిన. గోలి ఒంటికి పట్టలే. తప్పు నాది."

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ గోలి వేసుకున్నాక గంటసేపు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదని, కాల్షియానికీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలని. ఈ నెల పిండం పెట్టనని, అంకె దారికొచ్చాకే పెడతానని. "ముందే తెలిసింది, మంచిదైంది" అని కూడా అంది. అది నాకు ఓదార్పుగా అనలేదు. ఉన్నది ఒక్కటి, అది నా పొట్లాల మీద ఆధారపడి లోపలికి పోయి ఉంటే ఏమయ్యేదో మా నలుగురికీ తెలుసు.

తిరుగుదారిలో అలంపూర్ చౌరస్తా దగ్గర అబ్రార్ కారు ఆపి టీలు తెచ్చాడు. నా గ్లాసు నాకు ఇచ్చాడు గానీ మొహం చూడలేదు. నేను సిగ్గుతో ఆ టీ తాగకుండానే గ్లాసు తిరిగి ఇచ్చేశాను. ఉద్యోగంలో నన్ను ఒక్క డాక్టర్ కూడా ఒక్క మాట అనలేదు. అననక్కర్లేకుండా పనిచేశాను. ఆ గర్వమే ఇక్కడికి తెచ్చింది.

ఇంటికి చేరాక సమీనాతో చెప్పేశాను. "ఇంకొకర్ని చూసుకో బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు."

ఆమె లోపలికి పోయి థైరాయిడ్ గోలీల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి పొద్దున ఆరింటికి మీరే వచ్చి నా నోట్ల ఏసి పోవాలె."

"ఇంకా నా మీద నమ్మకమేంది నీకు?"

"డాక్టరమ్మ మిమ్మల్ని అడగకముందే మీరే ఒప్పుకున్నరు. మీరు నా దగ్గర ఏదీ దాయరని ఎర్కైంది. నాకు గంతే చాలు" అంది.

ఆ పొద్దు నేను ఏడ్చాను. నాకు ఏడుపు రాదని కూడా వీధిలో అందరికీ తెలుసు.

మర్నాటి నుంచి ఆరు కొట్టేసరికి వాళ్ళింట్లో ఉండేదాన్ని. గోలి, గ్లాసెడు నీళ్ళు. ఆ గోలి మీద యాభై మైక్రోగ్రాములని రాసి ఉంటుంది. మైక్రో అంటే ఎంతో అబ్రార్ ఫోన్లో చూసి చెప్పాడు. ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో యాభై భాగాలట. డాక్టరమ్మ దాన్ని డెబ్బై అయిదుకు పెంచింది. పెంచిన ఆ ఇరవై అయిదు భాగాలను వేలికొసన పెట్టుకున్నా కంటికి కనిపించవు. అంతటి మనిషి ఒళ్ళు, గుండె, కడుపు, రేపు రాబోయే ప్రాణం, అన్నీ ఆ కనిపించనిదాని కోసం కాచుకుని ఉన్నాయి. రోజూ ఆమె నాలుక మీద అది పెట్టేటప్పుడు నా చెయ్యి కొంచెం ఆగేది.

ఏడు గంటల దాకా సమీనా టీ తాగకూడదు. మొదటి వారం అబ్రార్ కూడా మానేశాడు. పొయ్యి మీద టీ వాసన వస్తే ఆమెకు ప్రాణం లాగుతుందని షాహెదా పొయ్యే వెలిగించేది కాదు. నలుగురం గోడకు ఆనుకుని కూర్చుని గడియారం చూసేవాళ్ళం.

"ఇది గూడ ఒక రోజానే" అంది షాహెదా ఒకనాడు. అబ్రార్ నా మొహం చూసి నవ్వాడు. చౌరస్తా తర్వాత అతను నవ్వడం అదే మొదలు. ఆ లిస్టు కాగితం ఏమైందని అడిగితే, దానితో షాపులో మోటారు కింద గ్రీజు తుడిచానన్నాడు.

జూన్‌లో అంకె దారికొచ్చింది. స్కానింగ్‌లో గర్భసంచి పొర మూడు సన్నటి గీతలుగా కనిపించింది, అది మంచి లక్షణమన్నారు. వరుసగా అయిదు రోజులు సూదులు వేశాను. ఆరో రోజు కర్నూలు పోయాం.

ల్యాబులో పిండాలు చూసుకునే శ్రీనాథ్ బయటికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, మాట నిదానం.

"గడ్డకట్టించేటప్పుడు లోపల నీళ్ళన్నీ తీసేస్తామండీ. లేకపోతే మంచు సూదులై పిండాన్ని చీల్చేస్తాయి. సున్నాకు నూట తొంభై ఆరు డిగ్రీల కింద మూడేళ్ళుంది. తొమ్మిదింటికి బయటికి తీసినాను. ఇప్పుడు ముడుచుకొని ఉంది. నీళ్ళు పీల్చుకొని మళ్ళీ విచ్చుకోవాల. పన్నెండు దాకా చూస్తాం" అన్నాడు.

"ఇచ్చుకోకపోతే?" అబ్రార్ అడిగాడు.

"కొన్ని విచ్చుకోవు" అన్నాడు శ్రీనాథ్. అబద్ధం చెప్పనందుకు అతనికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అప్పుడు తీసిన ఫోటో చూపించాడు. జనవరిలో చూసిన ఆ తేట గుండ్రం లేదు. నలిపి పారేసిన ఉల్లిపొరలా ఏదో ఉంది. సమీనా దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ కూర్చుంది. షాహెదా తస్బీ పూసలు తిప్పుతోంది. అబ్రార్ నడవాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతున్నాడు. నేను మా జమ్మిచేడు జమ్ములమ్మ తల్లిని తలుచుకున్నాను. నాకు పెట్టిన పేరు ఆమెదే. ఆ మూడు గంటలు ఏ మందూ లేదు, ఏ సూదీ లేదు. మాకు తెలిసిన పని ఒక్కటీ పనికిరాదు. లోపల గాజు గిన్నెలో అది ఒంటరిగా తన పని తను చేసుకోవాలి.

పన్నెండుకు నర్సు పిలిచింది. తోడు ఒక్కరే రావాలంది. అబ్రార్ గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మీరే పోండమ్మా. నాతోని కాదు" అన్నాడు.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. సమీనా బల్ల మీద పడుకుని నా వేళ్ళు గట్టిగా పట్టుకుంది. గోడ మీద తెర వెలిగింది.

ఉల్లిపొర లేదు. గుండ్రంగా, నిండుగా, అంచులు బిగిసి, లోపల ఒక పక్కన గుత్తితో సహా జనవరిలో చూసిన ఆ పిండమే. మూడేళ్ళు రాయిలా పడి ఉన్నది మూడు గంటల్లో నీళ్ళు తాగి లేచి కూర్చుంది. ఎవరూ ముట్టుకోలేదు. దానికి చెవి లేదు, నాలుక లేదు, గుండె కూడా ఇంకా లేదు. అయినా దానికి ఏం చెయ్యాలో తెలుసు. తొమ్మిది వందల పదిహేడు మందిని నేనే భూమ్మీదకు తెచ్చానని చెప్పుకు తిరిగినదాన్ని, ఆ తెర ముందు రెండు చేతులూ జోడించాను. సమీనా పట్టు వదల్లేదు కాబట్టి ఆమె చెయ్యి కూడా నా చేతులతో పాటు లేచింది.

తర్వాతి పని అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. సన్నటి గొట్టంలోంచి అది లోపలికి పోయింది. స్కానింగ్ తెర మీద ఒక తెల్లటి చుక్క మెరిసి నిలిచింది.

పద్నాలుగు రోజుల తర్వాత రక్త పరీక్షలో గర్భం నిలిచిందని వచ్చింది. ఎవరం గట్టిగా సంతోషించలేదు, భయం అట్లాంటిది. ఆరింటి గోలి, ఏడింటి టీ మానలేదు. ఏడో వారంలో మళ్ళీ కర్నూలు పోయాం. గుండె కనిపిస్తేనే నిలిచినట్టని డాక్టర్ ఉమ ముందే చెప్పింది.

ఈసారి అందరినీ లోపలికి రానిచ్చింది. తెర మీద నల్లటి సంచి, దానిలో పల్లీ గింజంత బిడ్డ. ఆ గింజ నడుమ ఏదో మినుకు మినుకుమంటోంది.

నా ఉద్యోగంలో తల్లి కడుపు మీద గొట్టం పెట్టి, చెవి ఆనించి, అయిదో నెల దాటాక గానీ బిడ్డ గుండె వినలేదు. ఇది పల్లీ గింజ. దీనికి గుండె ఉంది. చేతి గడియారం దానంతటదే పైకి లేచింది. అలవాటు. ముల్లు పన్నెండు దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది, ఇరవై, నలభై. అబ్రార్ తల్లి భుజం మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. అరవై, డెబ్బై. నేను వెన్నంటి ఉన్నది, నా చేతులారా పోగొట్టబోయినది, ఇంత జోరుగా కొట్టుకుంటోంది. ఎనభై... ఎనభై ఎంత? ముల్లు కనిపించలేదు. గడియారం మీద నీళ్ళు పడ్డాయి.

"ఎంత కొట్టుకుంటుంది సిస్టరమ్మా?" అని అడిగింది సమీనా, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే. డాక్టరమ్మ నోరు తెరవబోయి, నన్ను చూసి ఆగింది.

"లెక్క తప్పిన, బిడ్డా" అన్నాను. "జర ఆగు. మల్ల మొదట్నుంచి లెక్కవెడ్త."